మా యాడి ఒప్పుకున్న కారు

పాత కారు కొనేవాళ్లు ఇంజను చూస్తారు, టైర్లు చూస్తారు, కింద తుప్పు ఉందేమోనని వంగి చూస్తారు. నేను చూసింది ఒక్కటే. మా యాడి అందులో కూర్చుని వాంతి చేసుకోకుండా దిగాలి. అందులో నెగ్గిన బండి నాది. తప్పితే అది ఎంత తళతళలాడినా నాకక్కర్లేదు.

యాడి అంటే అమ్మ. మాది కురవి పక్కన ఒక తండా. ఇంట్లో మేం మాట్లాడుకునేది మా తండా మాట. అది అట్లాగే రాస్తే చదివేవాళ్లు ఇబ్బంది పడతారని యాడి మాటల్ని తెలుగులో పెడుతున్నాను. బజార్లో ఆమె మాట్లాడే తెలుగు ఇట్లాగే ఉంటుంది.

మిరపకాయలు ఏరే కాలం వస్తే యాడి ఒక ట్రాలీ నిండా ఆడవాళ్లను వెంటేసుకుని ఖమ్మం వైపు పోయేది. రైతుతో కూలి మాట్లాడేది ఆమే, పని సరిగ్గా చేయని వాళ్లను గదమాయించేది ఆమే. పాముని చూసినా బెదరదు. బస్సును చూస్తే మాత్రం ఆమె ముఖం వాడిపోయేది. ఎక్కి కూర్చున్న కాసేపటికే కడుపులో తిప్పుడు మొదలు. బస్సు ఎక్కాల్సిన రోజు పొద్దున్నుంచి ఏమీ తినేది కాదు. కొంగున నిమ్మకాయ, నోట్లో చింతపండు, కింద పరుచుకోవడానికి పాత పేపరు. పేపరు మీద కూర్చుంటే వాంతి రాదని ఎవరో చెప్పారట. ఇన్ని చేసినా దిగేసరికి మనిషి సగమయ్యేది. రైలయితే ఫరవాలేదు, తలుపు దగ్గర గాలికి కూర్చునేది. కానీ నేను ఉద్యోగం చేసే చోటికి రైలు లేదు.

నాకు టీచరు ఉద్యోగం వచ్చింది కాటారం అవతల అడవి అంచున ఉన్న ఒక ఊళ్లో. భూపాలపల్లిలో ఇల్లు అద్దెకు తీసుకుని రోజూ పోయి వచ్చేదాన్ని. మా తండాలో పంతులమ్మ అయిన మొదటి ఆడపిల్లను నేనే. ఆ మాట చెప్పుకుని యాడి తండా అంతా తిరిగింది గానీ, ఆ బడి ఎట్లా ఉంటుందో చూడలేదు. బడి సంగతి వదలండి, నా ఇంటి గుమ్మం కూడా తొక్కలేదు. మూడు బస్సులు మారి రావాలి మరి.

ఇంతలో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి. మేం టీచర్లం టెంట్ల కింద కూర్చున్నాం, పాటలు పాడాం, రోడ్ల మీద బతుకమ్మ ఆడాం. ఆ రోజుల్లో తండాకు పోవాలంటే ఒకసారి లారీ, ఒకసారి ఆటో, ఒకసారి ఎవరిదో మోటారు సైకిలు. లారీలో నిలబడి ములుగు దాటుతున్నప్పుడే అనుకున్నాను, ఇక నా బండి నాకుండాలని. డ్రైవింగ్ ఎప్పుడో హన్మకొండలో నేర్చుకున్నాను. లైసెన్సు అప్పటి నుంచి పర్సులో నిద్రపోతోంది.

సమ్మె ముగిసి బడులు తెరుచుకున్నాక మా హెడ్ మాస్టరు బదిలీ మీద వెళ్లిపోయారు. ఇన్‌చార్జి నేనే. అంటే జనవరి ఇరవై ఆరున జెండా ఎగరేసేది నేను. ఆ సంగతి ఫోన్లో చెబితే యాడి మెల్లగా, "నువ్వు జెండ ఎత్తంగ సూడాలనున్నది బిడ్డా" అంది. తన కోసం ఆమె నన్ను ఏదైనా అడగడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. ఇక నాకు వేరే ఆలోచన లేదు. జనవరి లోపల, మా యాడి కడుపుకు పడే కారు దొరకాలి.

మొదటి బండి మానుకోటలో చూశాం. మహబూబాబాద్‌ను మేం అట్లాగే అంటాం. ఎరువుల దుకాణం ఆయన తన చిన్న కారు అమ్ముతున్నాడని తెలిసి పోయాం. స్టీరింగ్ నాకిచ్చి, తన బండిని కాపాడుకోవడానికి పక్కన ఆయనే కూర్చున్నాడు. యాడి వెనక సీట్లో పేపరు పరుచుకుంది. అద్దం ముందు సెంటు బుడ్డి ఒకటి వేలాడుతోంది, మల్లెపూల వాసన. దాని కింద యూరియా వాసన. రైల్వే గేటు దాకా కూడా పోలేదు, యాడి తలుపు కొట్టింది. ఆపేలోపు సగం లోపల, సగం బయట.

"గిదేంది టీచరమ్మా! నా సీట్లు మొత్తం ఆగం జేసిండ్రు" అని ఆయన అరిచాడు.

"మీ సెంటుకు ఎద్దు కూడ కక్కుతది" అన్నాను. అయినా బకెట్టు అడిగి తీసుకుని, సీటంతా కడిగే వచ్చాను. యాడి రోడ్డు పక్కన తల వంచుకుని కూర్చుని ఉంది. ట్రాలీ నిండా ఆడవాళ్లను నడిపించే మనిషి ఒక ఎరువుల దుకాణం ముందు అట్లా కూర్చోవడం నేను చూడలేకపోయాను.

రెండోది జనగామలో. అక్కడ మా అన్న పాల సెంటరు నడుపుతాడు. నాకు కారెందుకన్నది మొదటి నుంచీ ఆయన ప్రశ్న. "స్కూటీ సాలదా? ఆడమనిషివి, గంత దూరం కారు నడుపుతవా?" అనేవాడు. అయినా తనకు తెలిసిన ఒక వకీలు గారి కారు ఉందంటే రైల్లో యాడిని తీసుకుని పోయాను. తెల్ల కారు, ఏసీ ఉంది, లోపల ఏ వాసనా లేదు. ఇదే నాదని అప్పుడే ఖాయం చేసుకున్నాను. అన్న ముందు సీట్లో కూర్చున్నాడు. అద్దాలన్నీ ఎక్కించాం. రోడ్డు నున్నగా ఉంది. నేను గేరు మార్చినప్పుడల్లా అన్న ఏదో ఒకటి చెబుతున్నాడు, బ్రేకు తొక్కు, జరగు, హారన్ కొట్టు. వెనక నుంచి చప్పుడు లేదు. చప్పుడు లేదని మురిసిపోతుండగానే యాడి చెయ్యి నా భుజం మీద పడింది. చల్లగా ఉంది.

ఆమె దిగి రోడ్డు పక్కన వంగితే అన్న బయటికి కూడా రాలేదు. "నేను ముందే జెప్పలే? ఆమెకు బండి పడదు. ఆమెను ఇంటికాడ ఉండనియ్యి. జెండ ఫోటో దిగి పంపు, సూస్తది" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజు ఆయన ఇంట్లో అన్నం ముట్టలేదు. వదిన బతిమాలింది, వినలేదు. తిరుగు రైల్లో యాడి తలుపు దగ్గర కూర్చుని గాలికి కాస్త తేరుకున్నాక, "నా కోసం గింత పరేషాన్ ఎందుకు బిడ్డా? నీకు నచ్చింది కొనుక్కో. నేను ఫోటోల సూస్త తియ్యి" అంది. అన్న మాటే ఆమె నోట విన్నాను. దానికి వచ్చిన కోపం ఆయన మీద వచ్చిన దానికంటే ఎక్కువ.

మూడోది నేను వెతికింది కాదు. మా బడిలోనే హిందీ చెప్పే టీచరు, భూపాలపల్లిలో మా వీధే, నేను ఆపా, అంటే అక్కా అని పిలుస్తాను. వాళ్లు పెద్ద బండి తీసుకుని, ఇంట్లో ఉన్న చిన్న నీలం కారు అమ్ముదామనుకుంటున్నారు. చూడగానే నాకు నచ్చలేదని చెప్పాలి. రంగు వెలిసింది. ఏసీ లేదు. ముందు ఎడమ పక్క అద్దం సగం ఎక్కి ఆగిపోతుంది, ఇక ఎంత తిప్పినా రాదు. నంబరు ప్లేటు మీద ఏపీ అన్న అక్షరాలు చెరిపి టీజీ అని ఆపా భర్త తన చేత్తో రాసుకున్నాడు, అప్పుడు చాలామంది రాసుకున్నట్టే.

"పైలే అమ్మాకు చూపించు. తర్వాత మాట్లాడుకుందాం" అని ఆపా తాళం నా చేతిలో పెట్టింది. ఆమె పక్కన కూర్చోనంది, ఎవరినీ తోడు పంపలేదు. శనివారం బడి అయ్యాక బయలుదేరాను. ఒక్కదాన్నే అంత దూరం నడపడం అదే మొదలు. ములుగు దాటాను, నర్సంపేట దాటాను. గూడూరు దగ్గర ఒక లారీని దాటేసి గట్టిగా కేక వేశాను. ఎవరూ వినలేదు, నాకు నేనే విన్నాను. తండాలోకి హారన్ కొట్టుకుంటూ పోతే యాడి కూలి ముఠా ఆడవాళ్లంతా వచ్చి కారు చుట్టూ చేరారు. ఒకామె బానెట్టు మీద చెయ్యి వేసి, "కాలుతున్నది, నీళ్లు పెట్టు దీనికి" అంది.

మరునాడు పొద్దున మానుకోట దాకా పోదామని యాడిని ఎక్కించాను. ముందు సీటు మీద నా సంచి ఉంది. దాన్ని తీయాలని నాకు తోచలేదు, ఆమెకూ తోచలేదు. ఎప్పటిలాగే వెనక తలుపు తీసి, పేపరు పరుచుకుని, నిమ్మకాయ పట్టుకుని కూర్చుంది. తండా దారి దాటి తారు రోడ్డెక్కేసరికి అద్దంలో ఆమె ముఖం చూశాను. పెదవులు తెల్లబడుతున్నాయి. ఇదీ పోయిందనుకున్నాను.

అప్పుడే రోడ్డు ఆగిపోయింది. సమ్మె ముగిసినా ఉద్యమం ముగియలేదు, ముందు వంటావార్పు జరుగుతోంది. అంటే రోడ్డు మీదే రాళ్ల పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, అట్లా దారి ఆపడం. ఆ ఏళ్లలో మాకది అలవాటైపోయింది. బగోనల్లో అన్నం ఉడుకుతోంది, ఒక పక్క డప్పు, ఒక పక్క ఆడవాళ్ల ఆట. యాడి దిగి, గాలికి నిలబడి, కాసేపట్లోనే మామూలు మనిషైంది. ఇంకాసేపటికి పొయ్యి దగ్గర గంటె అందుకుని, "గింత మంట ఎందుకు, మాడిపోతది" అని వండేవాళ్లను కేకలేస్తోంది. వడ్డించాక నేను వద్దన్నా వినకుండా విస్తరాకు నిండా పెట్టించుకుంది. ఎట్లాగూ తిరిగి ఇంటికే కదా, నడిచి పోతానంది.

దారి తెరిచేటప్పుడు పొయ్యి దగ్గరి మనిషి ఒకాయన నా దగ్గరికొచ్చాడు. "అక్కా, మా ట్రాలీ రాలే. గీ రెండు బగోనలు మానుకోట టెంటు కాడికి జేరుస్తవా? ఆడ అన్నం కోసం ఎదురు సూస్తున్నరు" అన్నాడు. ప్లేటు మీద టీజీ ఉన్నాక కాదని ఎట్లా అంటాం? రెండు బగోనలూ వెనక సీటు మీదికి ఎక్కాయి. చారు బకెట్టు కింద పెట్టారు. అవి ఒరగకుండా చూడాలి, టెంటు దగ్గర వడ్డనకు మనిషి కావాలి. నడిచి పోతానన్న యాడి ఇంక కాదనలేకపోయింది. కూర్చోవడానికి మిగిలింది ముందు సీటు ఒక్కటే. నా సంచి ఒళ్లో పెట్టుకుని, గంటె చేతిలో పట్టుకుని, భయం భయంగా కూర్చుంది.

కడుపు నిండా అన్నం. వెనక నుంచి పప్పు వాసన, చారు వాసన. ఎప్పుడు ఆపమంటుందోనని మెల్లగా నడుపుతున్నాను. ఎక్కని అద్దంలోంచి గాలి ఆమె ముఖానికి కొడుతోంది. కొంత దూరం పోయాక, "గంత నిదానం ఎందుకు? గా ఎద్దుల బండిని దాటు" అంది. దాటాను. "అగో, గుంత ఉన్నది, సూసుకో." తప్పించాను. తర్వాత మాట్లాడుతూనే ఉంది. ఏ చేను ఎవరిది, ఎవరి పత్తికి తెగులు పట్టింది, ఏ రైతు కూలి ఎగ్గొట్టాడు. ఒక బర్రె అడ్డమొస్తే నా చెయ్యి తోసేసి తనే హారన్ కొట్టింది.

టెంటు దగ్గర బగోనలు దింపుతుంటే ఒక్కసారి ఆగిపోయి నా వైపు చూసింది. "ఓసీ, నేను కక్కలే గదా!" అంది.

"కక్కలే యాడీ."

"గీ బండి మంచిది. గిదే తీసుకో" అని తీర్పు చెప్పేసింది.

నాకు మాత్రం ఏదో తొలుస్తోంది. తిరుగు దారిలో వెనక సీటు ఖాళీ. యాడి అలవాటుగా వెనకే ఎక్కింది. నేను కావాలనే ఏమీ అనలేదు. ఊరు దాటామో లేదో, మాటలు ఆగిపోయాయి. అద్దంలో చూస్తే మళ్లీ అవే తెల్లటి పెదవులు. బండి ఆపాను. దించి ముందు కూర్చోబెట్టాను. కాసేపట్లో మళ్లీ పత్తి చేల కబుర్లు మొదలయ్యాయి.

అప్పుడు నాకు అంతా అర్థమైంది. చిన్నప్పుడు వరి కోతలకు ఆమె బస్సెక్కినప్పుడల్లా నేను పక్కనే ఉన్నాను, చూశాను. కొడవళ్ల మూటతో, సద్ది గిన్నెలతో మా ఆడవాళ్లు ఎక్కగానే, ముందు సీట్లు ఖాళీగా ఉన్నా, "ఏయ్, ఎనుకకు నడువుండ్రి" అనే మాట ఒకటి తప్పకుండా వచ్చేది. చక్రాల మీద ఎగిరెగిరి పడే ఆఖరి సీటు, లేకపోతే దాని కింద నేల. కొన్నేళ్లకు ఎవరూ అనకముందే ఆమె కాళ్లు వెనకకు పోయేవి. వాంతి చేసుకుంటే తిడతారని ఇంకా వెనకకు. బతుకంతా తిరిగింది గానీ బండి ముందు రోడ్డు ఎట్లా వస్తుందో ఆమె చూడలేదు. మా యాడికి బండి పడకపోవడం ఏమీ లేదు, వెనక సీటు పడలేదు. బండి పక్కకు ఆపి, అక్కడే స్టీరింగ్ పట్టుకుని ఏడ్చాను. కోపంతో ఏడ్చాను, సంతోషంతో కూడా. యాడి కంగారుపడి, "నీకు కూడ తిప్పుతున్నదా?" అని నిమ్మకాయ నా చేతిలో పెట్టింది.

నీలం కారు నాదైంది. అద్దం బాగు చేయిస్తానని ఆపా అంటే వద్దన్నాను.

జెండా పండగకు ముందు రోజు తండాకు పోయేసరికి అన్న జనగామ నుంచి వచ్చి ఉన్నాడు. తనూ వస్తాడట. యాడి దారిలో పడిపోతే పట్టుకోవడానికి మగమనిషి ఒకడుండాలట. సంచి భుజాన వేసుకుని నేరుగా వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. యాడి వెనక తలుపు తీసింది.

"అన్నా, నువ్వు ఎనుక కూసో. అది యాడి సీటు" అన్నాను.

"ఏంది? నేను ఎనుక కూసోవాల్నా?"

"అవును."

"వద్దు బిడ్డా, వాన్ని కూసోనియ్యి. నాకేం గాదు, నేను ఓర్సుకుంట" అని యాడి నా చెయ్యి పట్టుకుంది. ముఠా ఆడవాళ్లంతా చూస్తున్నారు. ఆమె ఓర్చుకోలేదని నాకు తెలుసు. నర్సంపేట చేరేలోపే పడిపోతుంది, ఇక జన్మలో నా దగ్గరికి రాదు. తాళం తీసి జాకెట్టులో దోపుకున్నాను.

"యాడి ముంగట కూసుంటెనే బండి కదుల్తది. లేకుంటె రేపు జెండ ఎవలన్న ఎత్తుకోని" అన్నాను.

ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. అన్న ముఖం మాడ్చుకుని దిగి వెనక కూర్చున్నాడు. యాడి చీర సర్దుకుని, బెరుగ్గా ముందుకు ఎక్కింది. భూపాలపల్లి దాకా ఆమెకు తుమ్ము కూడా రాలేదు. నా ఇల్లంతా తిరిగి చూసి, వంటింట్లో గిన్నెల స్థానాలన్నీ మార్చేసి గానీ పడుకోలేదు.

పొద్దున కాటారం దారి. రెండు పక్కలా అడవి, మలుపు మీద మలుపు. యాడి ముందుకు వంగి, మలుపు రాకముందే నాకు చెబుతోంది, ఇటు తిప్పు, అటు తిప్పు. వెనక అన్న నిన్నటి నుంచీ అలిగి ఉన్నాడు, మాట్లాడటం లేదనుకున్నాను. అద్దంలో చూస్తే సంగతి వేరే. నుదుటి మీద చెమట, పెదవులు తెల్లగా. యాడి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. కొంగు ముడి విప్పి నిమ్మకాయ తీసి, చెయ్యి వెనక్కి చాపింది. అన్న తీసుకున్నాడు. కాసేపటికి, "జర బండి ఆపు చెల్లె" అన్నాడు. ఆపాను. ఆయన దిగి చెట్టు చాటుకు పోతే యాడి సీసాలో నీళ్లు పట్టుకుని వెనకే పోయి వీపు నిమిరింది. నేను నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను.

జెండా సంగతి ఎంతని చెప్పను? తాడు లాగితే ముడి ఊడి పూలు రాలాయి. పిల్లలు పాట అందుకున్నారు. యాడి చప్పట్లు కొట్టడం ఆపలేదు, అందరూ ఆపాక కూడా కొడుతూనే ఉంది. చివర్లో ఎవరో "జై తెలంగాణ" అంటే అందరికంటే గట్టిగా పలికింది ఆమే.

అంతా అయ్యాక బయలుదేరుతుంటే ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. బడికి బెంచీలు ఇప్పించినవాడు, ఇస్త్రీ చెదరని తెల్లబట్టలు, ఆయన మాట ఊళ్లో ఎవరూ కాదనరు. "టీచరమ్మా, కాటారం దాక వస్త" అని నేరుగా ముందు తలుపు మీద చెయ్యి వేశాడు. లోపల యాడి అప్పటికే కూర్చుని ఉంది. అన్నకు చెప్పినట్టు ఈయనకు చెప్పలేను, యాడిని దిగమనీ అనలేను.

యాడి కదల్లేదు. సగం ఎక్కిన అద్దంలోంచి తల బయటికి పెట్టి ఆయన్ను నిదానంగా చూసింది.

"ఎనుక జాగ ఉన్నది, కూసో అయ్యా" అంది. "కడుపుల తిప్పితె చెప్పు. నిమ్మకాయ మావోని తాన ఉన్నది."